గుడ్డి చిలక

మా సరోజిని పిన్నికి పొద్దున లేస్తే ఫోను ముఖమే చూడాలి. రాయపూర్‌లో ఉన్న తెలుగు ఆడవాళ్ళంతా కలిసి ముగ్గుల గ్రూపొకటి పెట్టుకున్నారు. తెల్లారగానే ఎవరి వాకిట్లో ముగ్గు వాళ్ళు ఫోటో తీసి అందులో పెట్టాలి. అదేదో ఉద్యోగమైనట్టు!

నేను నా మొగుడు గిరిధర్‌ని వదిలేసి తిల్దా నుంచి ఈ ఇంటికొచ్చి నెలవుతోంది. ఎక్కడున్నానో తెలిస్తే చంపేస్తానని మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి. అందుకే ఎవరికీ చెప్పనని పిన్నితో ఒట్టు వేయించుకున్నాను.

"నానెవులికి సెప్తానే?" అని కసిరింది.

నేనొచ్చిన వారానికి గ్రూపులో బిందుమాధవి అని ఒకావిడ చేరింది. ఊరు అభన్‌పూర్ అట. ముఖం ఉండాల్సిన చోట మందారపువ్వు బొమ్మ. రోజూ పిన్ని ముగ్గును మెచ్చుకునేది, మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగేది. పిన్ని కరిగిపోయింది.

"ఇరవయ్యేళ్ళుగా ఈ గల్లీలో ఉన్నాను. తిన్నావా అని తెలుగులో అడిగింది ఇదొక్కతేనే! మనిషిని సూడకపోతే ఏటి, మనసు తెలీదా?"

నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నిన్న పిన్నికి మోకాళ్ళు పట్టేయడంతో ముగ్గు నన్ను వేయమంది. నాకు బాగా వచ్చింది చిలక ముగ్గు ఒకటే. చిలకకు కన్ను పెట్టను. పెడితే ఎగిరిపోతుందని అమ్మమ్మ అలాగే నేర్పింది. బుగ్గన ఎప్పుడూ వక్కపలుకు ఉండే గిరిధర్, అది నములుతూనే "మళ్ళీ గుడ్డి చిలకేనా?" అని వెక్కిరించేవాడు.

ఇవాళా అదే వేసి లోపలికొచ్చాను. పిన్ని కాఫీ గ్లాసు చేతికిచ్చి, మురిసిపోతూ ఫోను చూపించింది.

"నిన్నటి నీ ముగ్గుకి బిందు ఏం రాసిందో సూడవే!"

'గుడ్డి చిలక బాగుంది అక్కా.'

గ్లాసు కింద పెట్టేశాను. "ఇల్లెక్కడో చెప్పావా పిన్నీ?"

"పసుపు కుంకానికి వస్తానంటే సెప్పనా మరి? దేవేంద్ర నగర్‌లో నీళ్ళ ట్యాంకు ఎనకాల గల్లీ అన్నాను. గల్లీ మొత్తంలో ముగ్గున్న గుమ్మం మనదే, ఎవుల్నీ అడగక్కర్లేదన్నాను. నీ పేరు సెప్పలేదే, ఒట్టు!"

"అది ఆడమనిషి కాదు పిన్నీ. గిరిధర్."

"ఛీ, ఊరుకో! నా మోకాళ్ళకి నువ్వుల నూనె రాసుకోమన్న మనిషే అది" అని నవ్వింది గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

బకెట్టు నీళ్ళు తీసుకుని బయటికి పరుగెత్తాను. ముగ్గు కడిగేస్తే చాలు, అన్ని గుమ్మాల్లో మాదీ ఒకటైపోతుంది. గల్లీలో ఎవరూ లేరు. ఎదురింటివాళ్ళు ఇంకా తలుపు తీయలేదు.

నీళ్ళు పోయబోతూ వంగాను. చిలకకు కన్నుంది. నమిలిన వక్కపలుకు, ఇంకా తడి ఆరలేదు.