పేరు చెప్పని పురుగు

తెల్లారేసరికి మునిలక్ష్మి వాకిట్లో ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. ఒకరి మేక తప్పిపోయి ఉంటుంది, ఇంకొకరి మొగుడు సంతకని పోయి రెండు రోజులై ఉంటుంది. ఆమె పేడనీళ్ళు చల్లుతూనే "పేరేంది?" అని అడుగుతుంది. పేరు చెప్పగానే బకెట్ కింద పెట్టి, హైవే వైపు తిరిగి, ఆ పేరు పెట్టి ఒక్క కేక వేస్తుంది. మేక అయితే గంటలో వస్తుంది. మొగుడైతే బస్సు దొరికేదాన్ని బట్టి వస్తాడు. పోయినేడు కన్నియమ్మ దూడ బొమ్మిడి నుంచి రైలు పట్టాల వెంబడే నడిచి వచ్చింది, పాపం గిట్టలు అరిగిపోయాయి. దీన్ని నల్లంపల్లి చుట్టుపక్కల ఎవరూ వింతగా చెప్పుకోరు. కొందరు తోడు వేస్తే పెరుగు గట్టిగా ఉంటుంది, మునిలక్ష్మి పిలిస్తే వస్తారు.

ఇలాంటి నోరున్న మనిషి మాట తూచి మాట్లాడాలి. రాకూడనిదాని పేరు ఎత్తకూడదు. నేను రాస్తున్నాను కాబట్టి ధైర్యంగా పాము అంటున్నాను గానీ, ఆ ఊళ్ళో ఆ మాట ఎవరి నోటా రాదు. పురుగు అంటారు. అది కాటేసినప్పుడు "పురుగు ముట్టింది" అని ఒకరు అంటే చాలు, పాలుతాగే బిడ్డలు తప్ప అందరూ లేచి పరిగెత్తుతారు. మిగతావాళ్ళు ఆ మాట భయం కొద్దీ అనరు, మునిలక్ష్మి మాత్రం తను అంటే అది నిజంగానే వస్తుంది కాబట్టి అనదు. మొగుడు శ్రీనివాసప్ప పేరు కూడా ఇరవై ఆరేళ్ళుగా ఆమె పలికింది లేదు. మొగుడి పేరు చెప్పకపోవడం ఆనవాయితీ. పైగా ఆయన ఎప్పుడూ కేకదూరం దాటి పోలేదు, పిలవాల్సిన అవసరమే రాలేదు.

ఫోన్లో మాట్లాడే ఆమెను ఇంటికి తెచ్చింది కూతురు వెన్నిల. ధర్మపురి రోడ్డులో బట్టల కంపెనీలో కుట్టుపని ఆ పిల్లది. తల్లికి చదువు రాదు, నోటితో అడిగితే నోటితోనే బదులు చెప్పే ఏఐని ఫోన్లో పెట్టించింది. మునిలక్ష్మి మొదటిరోజు ఫోన్‌ను వెనకా ముందూ తిప్పి చూసింది. ఎందుకంటే అది తెలుగు మాట్లాడింది. ఆ ఊరు తమిళ సీమలోది, రేషన్ కొట్లో తమిళం, బ్యాంకులో తమిళం, ఆస్పత్రిలో తమిళం, తెలుగు అంటే నాలుగు గోడల మధ్య మాట్లాడుకునేది. అలాంటిది బయటి గొంతు ఒకటి తెలుగులో, అదీ టీవీలో చదువుకున్నోళ్ళ తెలుగులో, "చెప్పండి, మీకు ఏం సహాయం కావాలి?" అంది. ఆమెను తెలుగులో "మీరు" అన్న మొదటి మనిషి అదే. మనిషి కాదు, సరే.

టమాటాకు పురుగు పట్టిందంటే ఏ మందు కొట్టాలో చెప్పింది. డబ్బా ఫొటో తీస్తే ఎన్ని మూతలు కలపాలో చదివింది. తాసిల్దారుకు తమిళంలో అర్జీ రాసి ఇచ్చింది. ఒక్కసారి మాత్రం మహేంద్రమంగళానికి ఏడూ నలభైకి బస్సు ఉందని చెప్పి, లేని బస్సు కోసం ఆమెను రెండు గంటలు రోడ్డు మీద కూర్చోబెట్టింది.

వెన్నిల ఆ రోజే చెప్పింది. "మా, అది తెలియనిదాన్ని గూడా తెలిసినట్టే చెప్తాది. అర్జీకి అడుగు, టమాటాకు అడుగు. ఒంటికి బాగలేకుంటే మాత్రం మనిషిని అడుగు."

"కండక్టరు గూడా తప్పు చెప్తాడు. ఆయమ్మ ఒక్కతే చెప్పినాదా?" అని మునిలక్ష్మి వెనకేసుకొచ్చింది.

ఆ మంగళవారం వెన్నిల ఏడింటికే కంపెనీకి పోయింది. ఎదురింటి సరసు బంతిపూలు కోయడానికి పోయింది. శ్రీనివాసప్ప ఆవుకు వెయ్యడానికి వామిలోంచి గడ్డి లాగుతూ, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మునిలక్ష్మి చూసింది. నల్లగా, ఒంటిమీద తెల్లగీతలతో, తొందరేమీ లేకుండా వామి కిందికి జారిపోయింది.

"మామా! పురుగు!"

"చీమ కుట్టినట్టుండాది, అంతే," అన్నాడాయన వేలు చూసుకుంటూ. నిజంగానే నొప్పి లేదు, వాపు లేదు. అదే కట్లపాము గుణం, కాటు నొప్పి తెలియనివ్వదు. పైగా ఆయనకు ఆస్పత్రి అంటే పడదు. "ఊరికే గత్తర చేయొద్దు. నీ ఫోన్లో ఆయమ్మను అడుగు."

ఆమె ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "అమ్మా, మా ఇంట్లో ఆయనకు పురుగు ముట్టింది. ఏం చేయాల?"

"కంగారు పడకండి," అంది ఫోన్. "పురుగు తగిలిన చోట సబ్బుతో శుభ్రంగా కడగండి. తడిగుడ్డ పెట్టండి. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అది ఏ పురుగో చెప్పగలరా?"

ఆమె వామి వైపు చూసింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "అదేనమ్మా, పొడుగు పురుగు. నల్లది. గడ్డిలో ఉంటుందే, అది."

"పొడవుగా, నల్లగా ఉందంటే అది జెర్రి అయి ఉండవచ్చు. జెర్రి కాటు నొప్పిగా ఉంటుంది కానీ, సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. వాపు పెరిగినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి."

జెర్రి! మునిలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. ఎంత మర్యాదస్తురాలు, అనుకుంది. తను పురుగు అంటే, ఆయమ్మ పేరు ఎత్తకుండా జెర్రి అంది. మంచి ఇంట్లో పెరిగిన ఆడది ఎవరైనా అంతే కదా, అడ్డపేరుతోనే మాట్లాడుతుంది. అన్నీ తెలిసే చెప్తోంది, ప్రాణాపాయం లేదంటోంది. ఆమె సబ్బు తెచ్చి మొగుడి వేలు కడిగింది, రెండుసార్లు కడిగింది.

పదిన్నరకు ఆయన కడుపులో నొప్పి అన్నాడు. పదకొండుకు కనురెప్పలు వాలిపోసాగాయి. "నిద్ర వస్తా ఉండాది," అన్నాడు, మాట ముద్దగా వచ్చింది.

ఆమె మళ్ళీ అడిగింది. నిద్ర వస్తోందంటే విశ్రాంతి తీసుకోనివ్వడం మంచిదేనంది ఫోన్. మునిలక్ష్మి చాప పరిచింది. తలకింద మడిచిన చీర పెట్టింది. తన చేత్తోనే విసనకర్ర పట్టుకుని గంటన్నరసేపు విసిరింది. తప్పెవరిదని నన్ను అడగకండి. ఆ విసనకర్ర ఒక్కటే నా కళ్ళ ముందు ఆడుతూ ఉంటుంది.

కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు, అన్నం వేళకే ఇస్తారు. పన్నెండున్నరకు వెన్నిల ఇంటికి ఫోన్ చేసింది.

"నాయన నిద్రపోతా ఉండాడు. పొద్దున పురుగు ముట్టినాది. ఏం గాదంట, ఆయమ్మ చెప్పినాది."

అవతల అన్నం డబ్బా కింద పడిన చప్పుడు. ఆ తర్వాత కేక. "మా! దానికి పురుగు అనే చెప్పినావా? దానికి పురుగంటే పురుగే! దానికి మన మాట తెలీదు మా!"

"జెర్రి అన్నాది గదే, పేరు చెప్పకుండా..."

"జెర్రి అంటే దానికి జెర్రే!"

వెన్నిలే 108కి ఫోన్ చేసింది. బండి వచ్చేసరికి శ్రీనివాసప్ప ఎదురొమ్ము కదలడం లేదు. పాండియన్ అనే అటెండరు ఆయన మూతి మీద గాలి కొట్టే రబ్బరు సంచి పెట్టి, ధర్మపురి పెద్దాస్పత్రి వచ్చేదాకా గాలి పిసుకుతూనే ఉన్నాడు. అక్కడ గొంతులో గొట్టం వేశారు, సూదిమందు ఎక్కించారు, మిషన్‌కు తగిలించారు. డాక్టరమ్మ బయటికి వచ్చి, "విషం నరాలకు ఎక్కేసింది. పొద్దున్నే తెచ్చి ఉంటే..." అని, మునిలక్ష్మి ముఖం చూసి మిగతాది మానేసింది.

ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని మునిలక్ష్మి ఏడ్చింది. ఏడుపులో, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, "శ్రీనివాసప్పా!" అని పిలిచింది.

ఆయన వచ్చాడు. తలుపు తోసుకుని, పొద్దుటి లుంగీతో, భుజం మీద గడ్డిపరకతో వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. అద్దంలోంచి చూస్తే లోపల మంచం మీద కూడా ఆయనే, మిషన్‌తో పాటు పైకీ కిందికీ కదులుతూ ఉన్నాడు.

వాచ్‌మన్ నరసింహన్ వచ్చి, "ఒక పేషంటుకు ఒకరే ఉండాలమ్మా, ఇద్దరు కూర్చోకూడదు," అని తమిళంలో కసిరాడు. దాంతో పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడల్లా శ్రీనివాసప్ప లేచి టీకొట్టు దాకా నడిచి వచ్చేవాడు. వెన్నిల ఇద్దరికీ ఇడ్లీ పొట్లాలు తెచ్చేది. రెండు రోజులు అలా గడిచాయి. మునిలక్ష్మికి ఆ రెండు రోజులూ బాగానే ఉన్నట్టు అనిపించింది, సిగ్గు విడిచి చెప్పాలంటే హాయిగానే ఉంది. మనిషి పక్కనే ఉన్నాడు, టీ తాగుతున్నాడు, ఆవుకు మేత ఎవరు వేస్తున్నారని అడుగుతున్నాడు.

మూడో రోజు డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. "విషం దిగిపోయింది. ఈపాటికి కళ్ళు తెరవాలి. ఎందుకు తెరవడం లేదో అర్థం కావడం లేదు. ఇట్లే ఉంటే మాత్రం కష్టం."

మునిలక్ష్మి పక్కకు చూసింది. శ్రీనివాసప్ప టీ ఊదుకుంటున్నాడు. ఆయన ఎందుకు కళ్ళు తెరవడం లేదో ఆమెకు తెలుసు.

"మామా, లోపలికి పోయి రా," అంది.

"లోపల చలి," అన్నాడు గానీ లేచాడు. తలుపు దాకా పోయాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. "వచ్చినా."

"అట్ల గాదు మామా. పోయి మంచం మీద పడుకో. పోయి రా."

మళ్ళీ పోయాడు, మళ్ళీ వచ్చాడు. మూడోసారికి ఆమెకు తెలిసొచ్చింది. పొలానికి పోయేవాణ్ణి, సంతకు పోయేవాణ్ణి, పొద్దున కంపెనీకి పోయే కూతుర్ని, అందరినీ ఆమె పోయి రా అనే పంపింది. ఎవరైనా అంతే. ఆ చివరి రా ఆమె నోటి నుంచి వచ్చినంతకాలం ఆయన తిరిగి వస్తూనే ఉంటాడు. పిలవడం ఆమెకు పుట్టుకతో వచ్చింది, పంపడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

గోడ వైపు తిరిగి ఫోన్‌ను అడిగింది. "పిలిస్తే వచ్చినోళ్ళను పంపేది ఎట్లమ్మా?"

"క్షమించండి," అంది ఫోన్. "దీనికి సమాధానం నాకు తెలియదు. మీ దగ్గర ఉన్నవారిని అడగండి."

తెలియదు! ఆ ఒక్క మాట మంగళవారం పొద్దున చెప్పి ఉంటే ఆమె ఈ బెంచీ మీద కూర్చునేదే కాదు. ఆమె ఫోన్ చీర కొంగులో కట్టేసుకుంది.

ఆ చివరి రా తీసేస్తే మిగిలే మాట కుక్కతో తప్ప ఎవరితోనూ ఎవరూ అనరు. పగవాడు గడప దిగినా పోయి రా అనే అంటారు. మునిలక్ష్మి మొగుడి ముఖం చూడకుండా, నేల చూస్తూ అంది.

"పో."

ఆయన లేచి నిలబడి, మిగతా మాట కోసం చూశాడు. "పోయి?"

"పో మామా. అంతే."

శ్రీనివాసప్ప ముఖం చిన్నబోయింది. సగం తాగిన టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, తలుపు తోసుకుని పోయాడు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని, ఆయన పేరు గొంతు దాటకుండా పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం మంచం మీద ఆయన కళ్ళు తెరిచాడు. పదిరోజులకు ఇంటికి పంపారు. ఊరంతా వచ్చి చూసి పోయింది. వెన్నిల కోడిపులుసు వండింది. ఫోన్ ఇంకా ఇంట్లోనే ఉంది, సరసు వచ్చి అర్జీలు చదివించుకుంటూ ఉంటుంది.

శ్రీనివాసప్ప తిన్నాడు, నవ్వాడు, ఆవును నిమిరాడు. మర్నాడు పొద్దున తువ్వాలు భుజాన వేసుకుని హైవే ఎక్కాడు.

"యాడికి మామా?"

"పోతా ఉండా," అన్నాడు. కోపం లేదు, మతి తప్పిందీ లేదు. ఆ రోజు సేలం రోడ్డులో టోల్‌గేట్ దాటాక ఇంక నడవలేక అక్కడే కూర్చున్నాడు. లారీవాళ్ళు ఎక్కించుకొచ్చి దింపారు. మర్నాడు మళ్ళీ పోయాడు. ఆ తర్వాత రోజూ పోయాడు. ఆమె అన్న మాట ఆయనలో ఇంకా అయిపోలేదు.

"అక్కా, పేరు పెట్టి ఒక్క కేక వెయ్యి. వచ్చేస్తాడు గదా," అంది సరసు.

మునిలక్ష్మి తల అడ్డంగా ఊపింది. పిలిస్తే వస్తాడు, అది నిజమే. కానీ మనిషి వచ్చి, ఒళ్ళు లారీల మధ్యే నిలబడిపోతే? అది ఆమె ఆస్పత్రి అద్దంలోంచి ఒకసారి చూసింది.

ఇప్పుడు వాకిట్లో ఎవరూ నిలబడరు, పిలవడానికి ఆమె ఇంట్లో ఉండదు. పొద్దున్నే నీళ్ళసీసా చంకన పెట్టుకుని ఆయన వెనకాల పది అడుగుల దూరంలో నడుస్తూ ఉంటుంది. ఆయన వెనక్కి తిరిగి చూడడు. ఎండకు తాళలేక ఏ కల్వర్టు మీదో కూర్చుంటే, తనూ పోయి పక్కన కూర్చుని సీసా మూత తీసి ఇస్తుంది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ లేస్తాడు. ఆమె నోరు విప్పకుండా చెప్పులు తొడుక్కుని బయలుదేరుతుంది.