యాంగ్‌చెంగ్‌లో పొడుగు నీడ

యాంగ్‌చెంగ్ కొండ కింద నిలిపిన ఎనిమిదడుగుల కంబం నీడను రోజూ మిట్టమధ్యాహ్నం కొలిచి రాయడం గెంగ్ షౌ ఉద్యోగం. ఏడాది మొత్తంలో నీడ అన్నిటికంటే పొడుగ్గా సాగే రోజే చలికాలపు మలుపు. అది తేలితేనే రాజధానిలో కొత్త పంచాంగం కడతారు.

ఆ ఏడు, పాత పంచాంగం లెక్కన మలుపు ఇంకా నాలుగు రోజులుందనగా మబ్బు పట్టింది. వారం రోజులు సూర్యుడు మొహం చూపలేదు. గెంగ్ షౌ మాత్రం రోజూ వేళకు మంచులో నిలబడి, వెదురు బద్ద మీద ‘కనబడలేదు’ అని రాసి వచ్చేవాడు.

పై అధికారి ఫాన్ ఆ బద్దలు చూసి మండిపడ్డాడు.

“కనబడలేదేంటయ్యా! పాత పంచాంగం ఏ రోజంటే ఆ రోజుకి పదమూడడుగులని రాసి పడెయ్. నిరుడు అంతేగా?”

“చూడని నీడ ఎలా రాయనండీ?”

“నీడొచ్చి సాక్ష్యం చెబుతుందా ఏం? పదిహేను రోజుల్లో లెక్క అందకపోతే నీ చోట ఇంకొకడుంటాడు.”

ఇంటికొచ్చాడన్నమాటే గానీ గెంగ్ షౌకి జావ గుక్క దిగలేదు. భార్య మెంగ్ కొత్తగా నేసిన గుడ్డ తెచ్చింది.

“ఆ దిగులు రేపు పడుదురుగాని, ఈ చివర పట్టుకోండి. సగానికి కోయాలి.”

“కొలబద్ద తేనా?”

“ఎందుకూ? కొసా కొసా కలిపితే నడుమ అదే దొరుకుతుంది.”

గెంగ్ షౌ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మలుపుదాకా పెరిగే నీడ ఆపైన తరుగుతుంది. మబ్బుకు ముందు తను చివరిసారి కొలిచినంత నీడే మళ్ళీ ఏ రోజు పడుతుందో చూస్తే, ఆ రెండు రోజుల నడిమి రోజే మలుపు!

మర్నాడు ఆకాశం తెరిపిచ్చింది. నీడ రోజుకు గింజంత తరుగుతూ ఐదో మధ్యాహ్నం పాత కొలతకు సరిపోయింది. రెండు మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు. పంచాంగం చెప్పిన రోజుకు మర్నాడే అసలు మలుపు.

“పంచాంగమే తప్పంటావా? నీ తలకి నువ్వే బాధ్యుడివి,” అన్నాడు ఫాన్. ‘ఇది గెంగ్ షౌ మాట, నాది కాదు’ అని పక్కన రాసి మరీ పంపించాడు.

వసంతంలో రాజధాని నుంచి ఒక జ్యోతిష్కుడు వచ్చాడు. పంచాంగాన్ని ఒక రోజు జరిపారట. పక్కన రాసిన ఆ మాట పుణ్యమా అని మెప్పంతా గెంగ్ షౌకే దక్కింది. ఫాన్ నేల చూపులు చూశాడు.

“ఈ పద్ధతి ఏ గురువు దగ్గర నేర్చుకున్నారు?” అడిగాడు జ్యోతిష్కుడు.

“మా ఆవిడ దగ్గరండీ.”

పెద్దాయన వేళాకోళమనుకుని పకపకా నవ్వాడు. గెంగ్ షౌ నవ్వలేదు. ఆమె పేరు ఏ అక్షరాలతో రాయాలో ఆయనకు విడమరిచి చెప్పాడు.