పదిహేడో కాగితం

తాతయ్య ఆక్సిజన్ డెబ్బై తొమ్మిదికి దిగిందని అమ్మ నుంచి మెసేజ్ వచ్చేసరికి గోడ గడియారం పదకొండు దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది. ఫైలు ఆండాళ్‌కి మూడడుగుల దూరంలో ఉంది. బూడిదరంగు అట్టపెట్టె, దానికి తెల్లటి నాడా. మధ్యలో ప్లాస్టిక్ అద్దం. అద్దానికి అవతల పాత రికార్డులు దాచే జిల్లా ఆర్కివ్ ఉద్యోగిని ఫ్రౌ నోవాక్.

“అసలు సంతకం ఉన్న కాగితం కావాలి. మీరు చూపిస్తున్నది ఫొటో,” అందామె జర్మన్‌లో, మూడోసారి.

ఆ ఫొటోలో ఉన్నది తాతయ్య ఇచ్చిన అనుమతి పత్రం. విజయవాడలో ఆసుపత్రిలో చేరే ముందు రోజు సంతకం పెట్టారు. అసలు కాగితం అక్కడి కొరియర్ ఆఫీసులోనే చిక్కుకుపోయింది. 2021 మే నెల మొదటి శుక్రవారం అది. ఇండియా నుంచి మనుషులే రాలేకపోతున్నారు, కాగితం ఎక్కడ వస్తుంది? కానీ ఇక్కడ నియమం నియమమే. బతికి ఉన్న మనిషి ఉద్యోగ ఫైలును అతని అనుమతి లేకుండా ఇంకొకరు చూడకూడదు. మనవరాలైనా సరే.

జిల్లాలో కరోనా కేసులు పెరిగాయని సోమవారం నుంచి ఆర్కివ్ మూసేస్తున్నారు. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు. ఈ రోజు రీడింగ్ రూము పన్నెండు వరకే. విజయవాడలో సాయంత్రం నాలుగింటికి తాతయ్య గొంతులో ట్యూబు వేస్తారు. ఇక్కడి టైములో అది పన్నెండున్నర.

డెబ్బై అయిదేళ్ళ మనిషికి ట్యూబు వేశాక మళ్ళీ మాట్లాడతాడన్న హామీ ఏ డాక్టరూ ఇవ్వలేదు. ఆ సంగతి తాతయ్యకి కూడా తెలుసు. మొన్న ఫోన్‌లో ఆయన అడిగింది ఒక్కటే. ఆ ఉత్తరం ఎవరు రాశారో ట్యూబు వేసేలోపు చెప్పమని.

ఆ ఉత్తరం సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. 1970లో తాతయ్య జగన్మోహన్, ఆయన కాకినాడ కాలేజీ స్నేహితుడు కమలాకర్, మరో నలుగురు ఇండియన్ ఇంజనీర్లు తూర్పు జర్మనీలో శిక్షణకి వచ్చారు. ఇదే ఊరు, కాట్‌బస్‌కి గంట దూరం. మగ్గాల యంత్రాలు చేసే కర్మాగారం. ఏడాది తిరక్కముందే యాజమాన్యానికి సంతకం లేని ఉత్తరం ఒకటి అందింది. జగన్మోహన్ యంత్రాల నమూనాలు దొంగతనంగా నోటుబుక్కులో దింపుకుంటున్నాడని, పశ్చిమ జర్మనీలో అమ్ముకోబోతున్నాడని. నలభై ఎనిమిది గంటల్లో విమానం ఎక్కించేశారు. సర్టిఫికెట్ లేదు. ఢిల్లీకి దొంగ అని రాసి పంపారు కాబట్టి ఎదురుచూస్తున్న ఉద్యోగమూ లేదు. ఆటోనగర్‌లో మోటార్లు రివైండ్ చేసే షెడ్డులో ఆయన జీవితం గడిచిపోయింది.

రాసింది క్రూగర్ అనే ఫోర్‌మన్ అని ఇంట్లో అందరి నమ్మకం. ఆ నోటుబుక్కు సంగతి తెలిసినవాడు అతనొక్కడే అని కమలాకరే తర్వాత తాతయ్యకి రాశాడు. క్రూగర్ నుంచి రెండేళ్ళపాటు ఉత్తరాలు వచ్చాయి. తాతయ్య ఒక్కటీ విప్పలేదు. అన్నీ తిప్పి పంపారు.

ఆండాళ్ కాట్‌బస్‌లో మాస్టర్స్‌కి వచ్చినప్పటి నుంచి ఈ ఊరి లైబ్రరీలో పాత పత్రికల సంపుటాలు తిరగేస్తూనే ఉంది. అక్కడ ఆరుగురి ఫొటో దొరికింది గానీ ఉత్తరం జాడ దొరకలేదు. కర్మాగారం మూతపడ్డాక దాని ఫైళ్ళన్నీ జిల్లా ఆర్కివ్‌కి చేరాయని చెప్పింది ఆ లైబ్రరీ ఆవిడే. లోపలికి రావడానికి ముందుగా ఇచ్చే ఈ టైము, ఇక్కడివాళ్ళ మాటలో టెర్మిన్, దానికోసం ఆండాళ్ ఆరు వారాలు ఆగింది.

ఫోన్ మళ్ళీ వణికింది. ఈసారి హైదరాబాద్ నుంచి కమలాకర్ తాతయ్య. బెడ్లు దొరకని రోజుల్లో పరిచయాలన్నీ వాడి తాతయ్యకి ఆసుపత్రిలో చోటు ఇప్పించింది ఆయనే. పొద్దుటినుంచి ఇది నాలుగో మెసేజ్. “వదిలెయ్ తల్లీ. క్రూగరే అని వాడికి తెలుసు కదా. ఈ టైములో వాణ్ణి కదపొద్దు.”

ఆండాళ్ ఆ మెసేజ్ మూసేసి ఫ్రౌ నోవాక్ వైపు తిరిగింది. నియమం అనుమతి కావాలంటోంది, కాగితమే కావాలనడం లేదు కదా అంది. ఆ మనిషి ఇంకా మాట్లాడగలడు. మీరే అడగండి. ఇంకో గంట దాటితే అడగడానికి కుదరదంది.

ఫ్రౌ నోవాక్ మాస్కు పైన కళ్ళు చిన్నవి చేసి చూసింది. కాదనలేదు.

వీడియో కాల్ ఎత్తింది ఛాయాదేవి అనే నర్సు. తెల్లటి పీపీఈ సూట్‌లో ఆమెవీ కళ్ళే కనబడుతున్నాయి. రెండు నిమిషాలే, మాస్కు ఎక్కువసేపు తియ్యకూడదని చెప్పి ఫోన్ తాతయ్య ముఖం దగ్గర పెట్టింది. ఆయన ముఖం వారంలో సగమైంది.

ఆండాళ్ ఫోన్‌ని అద్దానికి ఆనించింది. ఫ్రౌ నోవాక్ కొంచెం వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, నెమ్మదిగా అడిగింది. పేరు. పుట్టినరోజు. ఆయన చెప్పారు. ఆమె ఫైలు అట్ట మీద చూసుకుని, అంతటితో వదలకుండా కర్మాగారంలో మీ హాజరు నంబరు ఎంత అని అడిగింది.

తాతయ్య ఆ నంబరు ఎప్పుడూ ఇంట్లో చెప్పలేదు. తెర మీద ఆయన కళ్ళు మూసుకున్నారు. ఊపిరి రెండుసార్లు తీశారు. పక్కన మానిటర్ కూత వినిపిస్తోంది.

“నాలుగు వేల నాలుగు వందల పదిహేడు,” అన్నారు జర్మన్‌లో. తర్వాత ఒక్కో మాటా ఊపిరి అందుకుంటూ చెప్పారు, “నా ఫైలు నా మనవరాలికి చూపించండి. నేను, ఎన్. సి. జగన్మోహన్, ఒప్పుకుంటున్నాను.”

ఫ్రౌ నోవాక్ కాల్ ఆగిపోయాక నంబరు మరోసారి సరిచూసుకుంది. మా నాన్న జర్మన్ కూడా ఇదే పాత యాసలో ఉండేదని, ఈ చుట్టుపక్కల ఇప్పుడు ఎవరూ ఇలా పలకరని ఎటో చూస్తూ అంది. ఒక కాగితం మీద తేదీ, టైము, విన్న మాటలు రాసి సంతకం చేసింది. రేపు ఎవరైనా అడిగితే నేనే జవాబు చెప్పుకుంటానంది. అద్దం కిందనుంచి పెట్టె ఇవతలికి జరిపింది.

పదకొండూ ఇరవై ఎనిమిది.

మొత్తం నలభై రెండు కాగితాలు, మూలలో పెన్సిల్‌తో వేసిన అంకెలు. ఆండాళ్ ముందు తారీఖులు చూసుకుంటూ పోయింది. వీసా కాగితం, వైద్య పరీక్ష, జీతపు చీటీలు, మెచ్చుకుంటూ రాసిన మూడు నివేదికలు. ఆ మూడింటి కిందా క్రూగర్ సంతకమే.

ఇరవై మూడో కాగితం చేతిరాత. అదీ క్రూగర్‌దే, తాతయ్యని పంపించేసిన రోజు తేదీతో. ఆ నోటుబుక్కు నేనే ఇచ్చాను, బొమ్మలు వేసుకోమని చెప్పింది నేనే, శిక్ష వెయ్యాల్సివస్తే నాకు వెయ్యండి అని రాశాడు. దాని వెనక జతచేసిన కాగితంలో ఆ శిక్ష కూడా ఉంది. ఫోర్‌మన్ పదవి నుంచి తీసి గోడౌన్‌లోకి మార్చారు.

ఆండాళ్ ఆ పేజీ రెండుసార్లు చదివింది. తాతయ్య తిప్పి పంపిన ఉత్తరాలు ఈ మనిషివి.

వెనక్కి తిప్పింది. పదిహేడో కాగితం దగ్గర చెయ్యి ఆగింది. టైపు చేసిన ఒకే పేజీ, కింద సంతకం లేదు. ఇంట్లో విన్నదే. నోటుబుక్కు, నమూనాలు, పశ్చిమ జర్మనీ. జర్మన్ చక్కగా ఉంది. ఎక్కడా పట్టు చిక్కలేదు. రెండోసారి చదువుతూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

నల్లాన్‌చక్రవర్తుల జగన్మోహన్.

ఇంటిపేరు పూర్తిగా, ముందుగా.

ఆండాళ్ గబగబా మిగతా కాగితాలన్నీ తిరగేసింది. పాస్‌పోర్టు నకలులో ఎన్. సి. జగన్మోహన్. డిగ్రీలో, ఒప్పందంలో, జీతపు చీటీల్లో, క్రూగర్ రాసినవాటిలో అంతా ఎన్. సి.నే. స్కూల్లో చేరినప్పటి నుంచి ఆయన పేరు అదే. ఆ రెండు అక్షరాల వెనక ఏముందో ఇక్కడ ఎవరూ అడగలేదు, ఎవరికీ అవసరం పడలేదు. అంత పొడుగు పేరు శుభలేఖల మీదా, పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడూ తప్ప బయటికి రాదు.

పైగా ఆ పేరు కింద ఎవరో అధికారి ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి పక్కన రాశాడు. ‘ఎవరితను? 4417 నంబరు జగన్మోహనేనా?’

అంటే కర్మాగారంలో అధికారులకే ఆ పేరు తెలియదు. మిగతా నలుగురు ఇండియన్లలో ఇద్దరు పంజాబీలు, ఇద్దరు బెంగాలీలు. వాళ్ళకి ఆయన ఎన్. సి. మాత్రమే. ఒక్కడికే తెలుసు. కాకినాడలో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడు, సెలవుల్లో ఇంటికొచ్చి భోంచేసినవాడు. మనవాళ్ళు ఒక మనిషి మీద అర్జీ పెట్టాలంటే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాస్తారు, ఆ నేరం ఇంకొకడి మీదికి పోకుండా. అలవాటు కొద్దీ అలాగే రాశాడు.

లైబ్రరీలో చూసిన మరో వార్త ఆండాళ్‌కి అప్పుడు అర్థమైంది. రెండో ఏడు ప్రత్యేక శిక్షణకి ఒకే ఒక్క విదేశీ ఇంజనీరుని ఎంపిక చేశారు. క్రూగర్ రాసిన మూడు నివేదికలూ ఆ చోటు జగన్మోహన్‌కే ఇమ్మంటున్నాయి. జగన్మోహన్ వెళ్ళిపోయిన నెలకి అది కమలాకర్‌కి వచ్చింది.

పన్నెండుకి రెండు నిమిషాల ముందు ఫ్రౌ నోవాక్ పదిహేడు, ఇరవై మూడు కాగితాల నకళ్ళు తీసి, ముద్ర వేసి ఇచ్చింది. ఏమైనా దొరికిందా అని మాత్రం అడగలేదు.

బయట సన్నగా జల్లు. బస్టాప్ పైకప్పు కిందకి చేరి ఆండాళ్ మాస్కు దించింది. అమ్మ నంబరు నొక్కబోతుంటే కమలాకర్ నుంచే ఫోన్ వచ్చింది.

“దొరికిందా తల్లీ?”

దొరికిందని చెప్పింది. మొదటి వాక్యం జర్మన్‌లో చదివింది, ఆ పేరు దాకా. అక్కడ ఆపింది.

ఆయన కాల్ కట్ చెయ్యలేదు.

“పాతికేళ్ళు మాకు అప్పుడు,” అన్నాడు చివరికి. గొంతు వేరే మనిషిది లాగా ఉంది. “రెండ్రోజుల్లో పంపించేస్తారని నాకు తెలీదు. మందలిస్తారనుకున్నా, అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో.”

“యాభై ఏళ్ళు పట్టిందా?”

“నువ్వేమన్నా పడతాను. కానీ ఇప్పుడు వాడికి చెప్పి ఏం సాధిస్తావ్? ఇంకో పావుగంటలో వాడికి ట్యూబు వేస్తారు. క్రూగరే అని చెప్పు. వాడు నమ్ముతున్నదే కదా. ప్రశాంతంగా పోనీ.”

ఆండాళ్ కట్ చేసింది.

అమ్మకి ఫోన్ చేసింది. అమ్మ రాజ్యశ్రీ వార్డు బయట కారిడార్‌లో నిలబడి ఉంది. ఆండాళ్ అంతా చెప్పింది. అమ్మ ముందు నమ్మలేదు, తర్వాత ఏడ్చింది, తర్వాత బతిమాలింది. బెడ్డు ఇప్పించింది ఆయనే, నాన్న చేతిలో ఈ నాలుగైదు నిమిషాలే ఉన్నాయి, ఒక మంచి మాట చెప్పవే అంది. ఆయనకి మిగిలిన ఒకే ఒక్క స్నేహితుణ్ణి కూడా లాగేస్తావా అంది.

ఆ మాట ఆండాళ్‌కి గట్టిగానే తగిలింది. క్రూగర్ పేరు చెప్పేస్తే చాలు. తాతయ్య తల ఊపుతారు. ఎవరికీ నష్టం లేదు. గోడౌన్‌లో పెట్టెలు మోసిన ఆ ముసలాయనకి తప్ప. ఆయన ఎప్పుడో పోయి ఉంటాడు.

పన్నెండూ ఇరవై నాలుగుకి ఛాయాదేవి వీడియో కాల్ చేసింది. వెనక డాక్టర్లు మంచం దగ్గర సామాను సర్దుతున్నారు. త్వరగా కానివ్వండి అంది. చివరిసారిగా అందరినీ చూస్తానన్నారని అమ్మనీ కమలాకర్‌నీ అదే కాల్‌లో కలిపింది. ఆండాళ్ తెర మీద నాలుగు గళ్ళు. ఒక గడిలో తాతయ్య. ఇంకో గడిలో కమలాకర్, తెల్ల చొక్కా, చేత్తో నోరు మూసుకుని.

“క్రూగరేనా, అమ్మడూ?” అన్నారు తాతయ్య. మాస్కు లోపల నుంచి మాట గాలిలా వచ్చింది.

“కాదు తాతయ్యా. ఆయన మీ తరఫున రాశాడు. నోటుబుక్కు తనే ఇచ్చానని చెప్పాడు. అందుకని ఆయన పదవి తీసేశారు. ఆ కాగితం నా చేతిలో ఉంది.”

ఆయన కళ్ళ నుంచి నీళ్ళు చెవుల వైపు జారాయి. పెదాలు కదిలాయి. తిప్పి పంపేశానే, అన్నట్టు వినిపించింది. ఛాయాదేవి వాచీ చూసుకుంది. డాక్టరు చేతికి గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు.

“మరి ఎవరు?”

అమ్మ తన గడిలో తల అడ్డంగా ఊపుతోంది. కమలాకర్ కళ్ళు మూసుకున్నాడు.

“నేను ఎందుకు అడుగుతున్నానో తెలుసా,” అన్నారు తాతయ్య. ఒక్కో మాటకీ ఛాతీ ఎగిరిపడుతోంది. “తప్పు మనిషిని తిట్టుకుంటూ... పోకూడదమ్మా. చెప్పు.”

ఆండాళ్ రెండు కాగితాలూ ఛాతీకి నొక్కి పట్టుకుంది. తెర మీద ఒక్క తాతయ్య ముఖాన్నే చూసింది.

“కమలాకర్, తాతయ్యా. ఆ ఉత్తరం రాసింది మీ కమలాకర్.”