నలభై ఏడు

మా అత్తయ్యకీ నాకూ పదకొండేళ్లుగా ఉప్పూ నిప్పూ. ఆవిడ గిన్నె చప్పుడు చేస్తే నేను కసురుతాను, నేను తలుపు దభాలున వేస్తే ఆవిడ గొణుగుతుంది. ఆవిడ ఒళ్లో పెరిగిన పిల్లి పేరు మహారాణి. దాన్ని మాత్రం ఇద్దరం ఏమీ అనం.

రెండు నెలల కిందట ఆవిడ దాని పొట్ట తడిమి, "ఇక్కడేదో గడ్డలా ఉంది, చూడవే" అంది. "పాలగడ్డయి ఉంటుంది, ఊరికే కంగారు పెట్టకండి" అని కసిరేశాను. నేనేం చేస్తానో తెలుసా? పశువుల ఆస్పత్రి ల్యాబ్‌లో పొద్దస్తమానం క్యాన్సర్ గడ్డలే చూస్తాను. దీపం కిందే చీకటి!

పోయిన వారం గడ్డ కోసి తీశారు. రొమ్ము క్యాన్సరే. మార్కర్ పరీక్ష స్లైడ్ గురువారం నా బల్ల మీదికొచ్చింది. రంగు వేస్తే, జోరుగా పెరిగే కణాలు గోధుమరంగుకి తిరుగుతాయి. వందలో ఎన్నో లెక్కపెట్టాలి. అవెంత ఎక్కువైతే పిల్లికి అంత తక్కువ కాలం. ఎక్కడ రంగు దట్టంగా ఉందో అక్కడే లెక్కపెట్టాలని నియమం.

నలభై ఏడు. మళ్లీ లెక్కపెట్టాను, నలభై ఏడే. స్లైడ్ ఓ మూలకి జరిపితే పదకొండే! అదే రాసేద్దామని చెయ్యి లాగింది, సిగ్గులేని చెయ్యి. నలభై ఏడే రాశాను.

ఫలితం డాక్టరే చెప్పాలి, మేం నోరు మెదపకూడదు. డాక్టరేమో సోమవారం దాకా సెలవు. ఇంట్లో నాకు ఊపిరాడలేదు. వంటింట్లోకెళ్తే అత్తయ్య, హాల్లోకొస్తే పిల్లి.

"ఏమన్నా తెలిసిందా?"

"ఇంకా రాలేదత్తయ్యా."

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కాలు తగిలి పాలగిన్నె బోర్లా పడింది. నేను మారుమాట్లాడకుండా గుడ్డ తెచ్చి తుడిచాను.

ఆవిడ అలాగే చూస్తూ నిలబడింది. "ఎన్నాళ్లుంటుందే?"

"రిపోర్టు ఇంకా..."

"పదకొండేళ్లలో నన్ను తిట్టకుండా ఎప్పుడన్నా తుడిచావా? మూడ్రోజుల్నుంచీ నన్నొక్క మాటా అన్లేదు. మొన్నే తెలిసింది నాకు."

ఏడుపు తన్నుకొచ్చింది. "మీరు చూడమన్న రోజే చూసుంటే..."

ఆవిడ మహారాణిని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "మామూలుగా తిట్టవే నన్ను. ఇల్లిలా నోరు మూసుకుంటే అది బెదిరిపోతోంది."

"కళ్లెక్కడ పెట్టుకున్నారత్తయ్యా!" అని అరవబోయాను. సగంలోనే ఆపి మహారాణి వీపులో మొహం దాచుకున్నాను.