గిడ్డంగి మీది బైరి డేగలు

కనగానపల్లి హనుమమ్మ పెనుకొండ రెవెన్యూ కచేరికి రావడం అది ఎనిమిదోసారి. తెల్లారక ముందే బస్సెక్కి ధర్మవరంలో దిగి, అక్కడ రైలు పట్టుకుని వచ్చేసరికి ఎండ నెత్తికెక్కేది. భర్త పోయి రెండేళ్లయింది. ఆయన పేరు మీదున్న మెట్ట చేను తన పేరుకు మారాలి. చేతిలో ఒక అర్జీ ఉంది. ఎప్పుడొచ్చినా గుమాస్తా నరసింహులు కిటికీలోంచి చూసి, "సారు లేడమ్మా. వచ్చే మంగళవారం రా" అనేవాడు. ఆమె అర్జీ మడిచి కొంగున కట్టుకునేది. తిరుగు రైలు సాయంత్రం దాకా లేదు. గోడ నీడలో కూర్చునేది.

ఎదురుగా, కచేరి ఆవరణలోనే, పాత రాతి గిడ్డంగి ఒకటి ఉండేది. మూడంతస్తుల ఎత్తు. పైన చూరు కింద బయటికి పొడుచుకు వచ్చిన రాతిపలక మీద ఆ వేసవి ఒక బైరి డేగల జంట కాపురం పెట్టింది. కొండమీద ఉండాల్సిన పిట్టలు ఊళ్లోకి ఎందుకొచ్చాయో ఎవరికీ తెలియదు, ఎవరూ పట్టించుకోలేదు కూడా.

హనుమమ్మకు చూడడం తప్ప పనిలేదు. చూసి చూసి వాటి సంసారం తెలిసిపోయింది. పెద్దది ఆడది. చిన్నది మగది, వేట దానిదే. పావురాన్ని కాళ్లతో పట్టుకొచ్చి కూత వేస్తే, ఆడది పలక దిగి ఎగిరి గాలిలోనే అందుకునేది. పిల్లలు పుట్టాక ఆడది పలక వదల్లేదు. మిట్టమధ్యాహ్నం రెక్కలు సగం విప్పి, నోరు తెరుచుకుని, వగరుస్తూ పిల్లలకు నీడ పట్టేది. గంటలకు గంటలు అట్లాగే. దాన్ని చూస్తుంటే హనుమమ్మకు తన భుజాలు నొప్పిపుట్టేవి.

ఆ ఎనిమిదో మంగళవారం, సున్నం కొట్టే సుంకప్ప గిడ్డంగికి నిచ్చెన మీద నిచ్చెన కట్టి నిలబెట్టాడు. జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తున్నాడట, ఆవరణంతా తెల్లగా ఉండాలట. సుంకప్ప పలక దగ్గరి దాకా ఎక్కేసరికి ఆడ డేగ అరుస్తూ అతని తలపాగా తన్నుకుంటూ పోయింది. అతను పలక మీదికి తొంగి చూసి, గబగబా దిగి, పొడవాటి వెదురుగడ ఒకటి వెతికి తెచ్చాడు.

"ఏమప్పా, ఆ గడ ఎందుకు?" అని అడిగింది హనుమమ్మ.

"పైన మూడు పిల్లలుండాయక్కా. పుల్లా లేదు, పుడకా లేదు, వట్టి దుమ్ములో పెట్టింది. వాటిని తోసేస్తేగానీ ఆ తల్లి నన్ను సున్నం కొట్టనీదు."

హనుమమ్మ లేచి వెళ్లి నిచ్చెన మొదట్లో నిలబడింది. "నువ్వు ఎక్కొద్దు" అంది.

"నువ్వెవరు చెప్పేకి? జరుగు."

ఆమె జరగలేదు. రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది. గొడవ విని నరసింహులు బయటికొచ్చాడు. హిందూపురం నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే మనిషి. కళ్ల కింద నల్లని చారలు.

"ఏమమ్మా ఇది? సోమవారం పెద్ద సారు వస్తాండాడు."

హనుమమ్మ నిచ్చెన వదలకుండానే అంది. "ఎనిమిది తూర్లు వచ్చినాను సామీ. ఎప్పుడన్నా ఒక మాట అడిగినానా? ఇప్పుడు అడుగుతాండా. ఆ తల్లి నెల దినాలుగా ఎండలో మాడతాండాది. ఇంకో ఇరవై దినాలకు పిల్లలు ఎగిరిపోతాయి. అంతవరకు ఉండనీ."

నరసింహులు పైకి చూశాడు. ఏడాదిగా అదే ఆవరణలో పనిచేస్తున్నాడు, ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. డేగ పలక మీద వాలి మళ్లీ రెక్కలు విప్పింది.

"ఆ మూల వదిలేయ్ సుంకప్పా" అన్నాడు చివరికి. "పెద్ద సారు అంత ఎత్తుకు ఏం చూస్తాడులే."

లోపలికి పోబోతూ ఆగి, హనుమమ్మ వైపు చెయ్యి చాపాడు. "నీ కాగితం ఏదీ?"

మొదటిసారి ఆ అర్జీ పూర్తిగా చదివాడు. లోపల చాలాసేపు పుస్తకాలు తిరగేసి, తల వంచుకుని వచ్చాడు.

"నీ కాగితాలు ఈడ లేవమ్మా. మీ ఊరి పనులు ఇప్పుడు ధర్మవరం కచేరి కిందికి పోయినాయి, నెల కిందనే ఆడికి పంపించినారు. నేను చూడలేదు."

ధర్మవరం. ప్రతిసారీ ఆమె బస్సు దిగి రైలెక్కే ఊరు. హనుమమ్మ గోడ నీడలోకి పోయి కూర్చుంది. తిట్టాలనిపించింది. అంత ఓపిక లేకపోయింది.

"మంచినీళ్లు తాగుతావా?" అన్నాడతను. తనే పోయి చెంబుతో తెచ్చిచ్చాడు.

తర్వాత ధర్మవరంలో మూడుసార్లు తిరిగింది. మూడోసారి, మధ్యాహ్నం కాకముందే, తన పేరు రాసి ముద్ర వేసిన కాగితం చేతిలో పెట్టారు. సంతోషం వస్తుందేమోనని ఆగి చూసింది. ఒళ్లంతా నీరసం తప్ప ఏమీ రాలేదు. బస్టాండులో ఊరికి పోయే బస్సు హారన్ కొడుతోంది. ఆమె ఎక్కలేదు. స్టేషనుకు నడిచి పెనుకొండకు టిక్కెట్టు తీసుకుంది.

గిడ్డంగి గోడలు తెల్లగా ఉన్నాయి, పై మూల ఒక్కటే నల్లగా. రాతిపలక ఖాళీ. ఆమె గోడ కింద నేలంతా వెతికింది. అంతలో తలమీదుగా కీచుమంటూ రెండు గోధుమరంగు పిట్టలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి.

నరసింహులు ఆమెను చూసి బయటికొచ్చాడు. "పని కాలేదా అమ్మా?"

"అయింది."

"మరి ఎందుకొచ్చినావు?"

"ఊరికే." ఆమె పైకే చూస్తోంది. "మూడు కదా ఉండాల్సింది?"

"ఒకటి మొన్న గాలివానకు కింద పడింది. సుంకప్ప గుంట తీసి పూడ్చినాడు." తనూ పైకి చూస్తూ, "ఆ రెండూ మొన్న శుక్రవారం ఎగిరినాయి. నేను చూసినాను" అన్నాడు.

హనుమమ్మ తల ఊపింది. గోడకు వీపు ఆనించి కూర్చుంది. పిల్లలు కొండవైపు పోతున్నాయి, మళ్లీ వస్తున్నాయి. కాసేపటికి ఆమె కళ్లు మూతపడ్డాయి. నరసింహులు కిటికీ దగ్గర కూర్చుని రాసుకుంటూ, రైలు వేళయ్యేదాకా ఆమెను లేపలేదు.