నలభై ఎనిమిది కిలోలు

బాక్సింగ్ గురించి నాకు తెలిసిందంతా సామ్యూల్ సార్ చెప్పిందే. నేను గద్వాలలో ఒక సేటు దగ్గర పల్లీల కాంటా వేసే మనిషిని. పేరు నర్సింహులు. ఏడో తరగతితో చదువు ఆపేశాను కాబట్టి రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

2007 వేసవి. మా చెల్లెలు కిష్టమ్మ కూతురు గీతకు అప్పుడు పదిహేడేళ్లు. తండ్రి లేని పిల్ల. పొద్దునంతా తల్లి పక్కన మగ్గం మీద కూర్చుని చీర నేసేది, సాయంత్రం సామ్యూల్ సార్ దగ్గరికి పోయేది. సార్ మిలిటరీలో బాక్సింగ్ ఆడి రిటైరైన మనిషి. పాత బియ్యం గోదాములో ఇసుక బస్తా వేలాడదీసి, ఆరుగురు పిల్లలకు పైసా తీసుకోకుండా నేర్పేవాడు. ఆడపిల్ల గీత ఒక్కతే. అందుకే రోజూ నేను వెంట పోయి ఒక మూల కూర్చునేవాడిని.

గోడ నిండా సార్ పాత మ్యాచుల ఫొటోలు అతికించాడు. ఆట అయిపోయాక ఒక్కో ఫొటో ముందు నిలబడి కథ చెప్పేవాడు. టోక్యోలో డగ్లస్ అనేవాడు టైసన్‌ను పడగొట్టిన కథ పిల్లలకు ఎన్నిసార్లు విన్నా తనివి తీరేది కాదు. మనీలాలో అలీ, ఫ్రేజియర్ పద్నాలుగు రౌండ్లు కొట్టుకున్నారట. ఫ్రేజియర్‌కు కళ్లు వాచి మూసుకుపోతే, పదిహేనో రౌండుకు లేవనీయకుండా గురువే ఆట ఆపించాడట. ఆ కథ గీతకు నచ్చేది కాదు.

"ఇంకొక్క రౌండే ఉండె గద సార్. ఎట్లన్న నిలబడుతుండె."

"నిలబడుతుండెనో, పడిపోతుండెనో. నీకు తెల్వదు, నాకు తెల్వదు" అనేవాడు సార్.

నన్ను భయపెట్టింది మాత్రం ఇంకో ఫొటో. 1982, లాస్ వేగాస్. కొరియా దేశపు పిల్లవాడు, కిమ్ అని. ప్రపంచ టైటిల్ కోసం మాన్సినీతో ఆడాడు.

"ఈ పిల్లగాడు మ్యాచ్‌కు ముందుగాల బరువు దించనీకె మస్తు తిప్పలు పడ్డడంట" అన్నాడు సార్. "పద్నాలుగో రౌండుల పడిండు. తాళ్లు పట్టుకొని లేచిండు గూడ. గంతే. మల్ల కండ్లు తెరవలే. నాలుగైదు దినాలకు పానం పోయింది. అందుకే చెప్తున్న, ఒంట్ల నీళ్లు లేకుంట రింగుల దిగొద్దు. ఎండిన తలకాయకు దెబ్బ తాకితే తట్టుకోదు."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఆ కొరియా పిల్లవాడే కనిపించాడు.

మే నెలలో వనపర్తిలో జిల్లా ఛాంపియన్‌షిప్ పెట్టారు. గీత నలభై ఎనిమిది కిలోల లెక్కలో ఆడాలి. ఒక్క గ్రాము ఎక్కువున్నా ఆడనివ్వరు. గోదాములో బరువు చూసే మిషన్ లేదు. నేనే ముందుకొచ్చాను.

"నా కాంటా ఉంది గద సార్. దినాం తూసి చెప్త."

"కాంటా సక్కగుంటదా నర్సింహులన్నా?"

"ఇరవై ఏండ్ల సంది తూస్తున్న సార్. నా చెయ్యి తప్పదు."

సగం పౌరుషంతోనే అన్నాను ఆ మాట. రోజూ పొద్దున షాపు తెరవకముందే గీతను కాంటా మీద నిలబెట్టేవాడిని. నలభై ఏడు కిలోల ఎనిమిది వందలు. నెల రోజులూ అదే. పిల్ల హాయిగా తిన్నది, ఆడింది. సార్ కూడా నిమ్మళంగా ఉన్నాడు.

పోటీ రోజు తెల్లవారుజామున బస్సెక్కాం. బరువు చూసేదాకా నీళ్లు తాగనని గీత ముందురాత్రి నుంచే నోరు కట్టుకుంది. బీచుపల్లి వంతెన మీద బస్సు పోతుంటే కిటికీలోంచి కృష్ణ వైపు చూసి, "మామా, గెలిచినంక వచ్చేటప్పుడు గీడ దిగుదాం. కడుపు నిండ తాగుత" అని నవ్వింది.

వనపర్తిలో ఒక ఫంక్షన్ హాలు. ఎనిమిదింటికి బరువు చూశారు. మిషన్ మీద ఎర్ర అంకెలు వచ్చాయి. నలభై తొమ్మిది కిలోల మూడు వందలు.

గీత దిగి మళ్లీ ఎక్కింది. అవే అంకెలు.

"రాత్రి ఏం తిన్నవ్?" సార్ గొంతు మెల్లగానే ఉంది, కానీ ముఖం మారిపోయింది.

"ఒక జొన్నరొట్టె సార్. అమ్మ తోడు. గది గూడ సగమే."

"కిలోన్నర ఊకెనే వచ్చిందా? మీ మామ తూసిండు గద."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ క్షణంలోనే నాకు తెలిసింది.

మా సేటు కాంటా బస్తాకు కిలోన్నర తక్కువ చూపిస్తుంది. ఎలా చేయించాడో చెప్పను. మేం దాన్ని తరుగు అంటాం. కాయలో మట్టి ఉంటుంది, తేమ ఉంటుంది, దానికింద ఇంత పోవాల్సిందే అని సేటు చెప్పాడు, నేను ఇరవై ఏళ్లు రైతులకు చెప్పాను. చెప్పీ చెప్పీ, ఆ తరుగు పల్లీలోనే ఉందని నాకే నమ్మకం కుదిరిపోయింది. అది కాంటాలో ఉందన్న సంగతి, మనిషిని నిలబెట్టినా కిలోన్నర మింగుతుందన్న సంగతి నెల రోజుల్లో ఒక్కసారీ తట్టలేదు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్తే సార్ పిల్ల పేరు కొట్టేయించి ఇంటికి తీసుకుపోయేవాడు. గీత కళ్లనిండా నీళ్లు.

"ఏమో సార్. నా కాంటాల సక్కగనే ఉండె" అన్నాను.

పది గంటల దాకా టైమిచ్చారు. ఎంత చెమట పోతే అంత బరువు దిగుతుంది. ఎరువుల దుకాణంలో ఖాళీ యూరియా సంచులు అడిగి తెచ్చి, గీత ఒంటికి చుట్టి, పైన స్వెట్టర్ తొడిగాం. మే నెల ఎండలో హాలు చుట్టూ పరుగు పెట్టింది. మూడో చుట్టుకు సంచుల్లోంచి నీళ్లు కారాయి. ఇరవయ్యో చుట్టుకు కారడం ఆగిపోయింది. రెండుసార్లు మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగింది.

"సాలు బిడ్డా, ఇడిసిపెట్టు" అన్నాను పక్కన పరుగెత్తుతూ.

"నెల దినాల సంది గిందుకేనా మామా? జరుగు, అడ్డం రాకు."

పదికి ఐదు నిమిషాల ముందు మిషన్ నలభై ఎనిమిది చూపింది. సరిగ్గా.

సార్ గ్లూకోజు నీళ్లు కలిపి నా చేతికిచ్చాడు. "ఒక్కపాలి తాగించకు. బుక్క బుక్క తాగించు. మూడింటికి మ్యాచ్. గంతల్ల కోలుకుంటది" అని తక్కిన పిల్లల పని చూడ్డానికి పోయాడు.

హాలు వెనక నీడలో తాగించాను. పావుగంట ఆగి మొత్తం కక్కేసింది. మళ్లీ తాగించాను. మళ్లీ కక్కింది. పెదవులు తెల్లగా పగిలాయి.

"సార్‌కు చెప్త" అని లేచాను.

నా చెయ్యి పట్టుకుంది. "నా మీద ఒట్టు మామా. చెప్తే ఆడనియ్యడు. ఈ బరువుల ఇద్దరమే పేర్లిచ్చినం, ఒక్కటే ఆట. గెలిస్తే హైదరాబాద్‌ల స్టేట్ పోటీలు. జరసేపు పండుకుంటే సక్కగైత."

ఒట్టుకు భయపడ్డానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాను. నిజం అది కాదు. గీత కక్కిందని చెప్తే, కిలోన్నర ఎక్కడిదని సార్ మళ్లీ అడుగుతాడు. దానికి భయపడ్డాను.

మూడింటికి పిలిచారు. ఎదురుగా నాగర్‌కర్నూల్ పిల్ల. గీత కంటే జానెడు పొడుగు. రేకుల కప్పు కింద హాలు పొయ్యిలా ఉంది. మా మూల లోపల సార్, తాళ్ల బయట నేను. నాకు నీళ్ల బకెట్టు, తెల్ల తువ్వాల ఇచ్చాడు.

"మొకం తుడువనీకె. ఇది లోపలికి ఇసిరితే మనం ఓడినట్టు, ఆట బందైతది. నేను చెప్పకుంట ఇసరకు అన్నా."

నాలుగు రౌండ్లు, ఒక్కోటి రెండు నిమిషాలు. మొదటి రౌండులో గీత బాగా ఆడింది. పొడుగు పిల్ల చేతుల కిందుగా దూరి, రెండు కొట్టి బయటికొచ్చేది. మా గద్వాల పిల్లలు బెంచీలెక్కారు. నేను మాత్రం గీత చేతులు చూడలేదు, కాళ్లు చూస్తున్నాను. రెండో రౌండు సగంలో ఎడమ కాలు ఈడ్చుకుంటూ వస్తోంది. అయినా పాయింట్లలో మాదే పైచేయి.

మూడో రౌండులో పొడుగు పిల్ల కుడి చెయ్యి గీత చెంప మీద పడింది. తల అటు తిరిగింది, కానీ వెంటనే ఇటు రాలేదు. పిల్ల తేరుకుందో లేదో చూడ్డానికి రిఫరీ ఆట ఆపి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. గీత తల ఊపింది. ఆడించాడు.

గంట కొట్టారు. గీత వచ్చి స్టూలు మీద కూలబడింది. సార్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "రెండు పాయింట్లు మనమే ఎక్కువున్నం బిడ్డా. రెండే నిమిషాలు. దూరం ఉండు, దగ్గరికి పోకు, గంతే."

నేను తాళ్లలోంచి చెయ్యి పెట్టి ముఖం తుడిచాను. తువ్వాల తడవలేదు. మళ్లీ మెడ మీద అద్దాను. పొడిగా ఉంది. ఆ ఉక్కలో కూర్చుని చూసేవాళ్లకే చొక్కాలు అంటుకుపోతున్నాయి, ఆరు నిమిషాలు ఆడిన పిల్ల ఒంటి మీద చెమట చుక్క లేదు. ఒళ్లు మాత్రం పెనంలా కాలుతోంది.

గీత మెల్లగా నా వైపు తిరిగింది. "మామా, బస్సు ఏడిదాంక వచ్చింది?"

సార్ వినలేదు. పళ్లకు పెట్టుకునే గార్డు కడుగుతున్నాడు.

"సార్" అన్నాను. "సార్, ఆపుండ్రి. పొద్దటి సంది చుక్క నీళ్లు కడుపుల నిలవలే. తాగిందంత కక్కింది. నా కాంటా కిలోన్నర తక్కువ చూపిస్తది సార్. పిల్ల ఏం తినలే. తప్పు నాది."

సార్ చెయ్యి ఆగింది. "ఏం మాట్లాడుతున్నవన్నా నువ్వు?"

గంట కొట్టారు. గీత లేచింది. రిఫరీ మమ్మల్ని దిగమన్నాడు. సార్ ఒక కాలు తాళ్ల బయట పెట్టి, గీత వైపు, నా వైపు చూస్తున్నాడు. ఆయన మనసులో లెక్క తేలేలోపు పొడుగు పిల్ల నడి రింగుకు వచ్చేసింది. నేను తువ్వాల విసిరాను. అది రిఫరీ కాళ్ల దగ్గర పడింది.

రిఫరీ చేతులు అడ్డంగా ఊపి, నాగర్‌కర్నూల్ పిల్ల చెయ్యి పైకెత్తాడు. గీత కింద తువ్వాలను చూసింది, తర్వాత నన్ను. నా వైపు రెండడుగులు వేసింది. మూడో అడుగుకు మోకాళ్లు మడత పడ్డాయి. ఎవరూ కొట్టలేదు. ఊరికే కూలిపోయింది.

ఆటోలో దవాఖానకు పోయేంతసేపు తల నా ఒళ్లోనే. సార్ నీళ్లు చల్లుతూ "గీతా, నీ పేరేంది చెప్పు" అని అడుగుతూనే ఉన్నాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. గోడ మీది కొరియా పిల్లవాడు లేచి నిలబడి, మళ్లీ కళ్లు తెరవలేదన్నారు కదా. ఈ పిల్ల కూడా లేచి నిలబడింది కదా. దారిపొడుగునా నాకు ఇదే ఆలోచన.

డాక్టరు ఒళ్లంతా తడిగుడ్డలు చుట్టించి, రెండు చేతులకూ సెలైన్ ఎక్కించాడు. కళ్లల్లో టార్చి వేసి చూశాడు.

"పానానికి ఏం కాదు గద సార్?" అని అడిగాను.

"ఇప్పుడే చెప్పలేను. ఒంట్లో నీళ్లు లేవు, తలకు దెబ్బ తగిలింది. నాలుగు గంటలు చూడాలి. మాట తడబడినా, వాంతి అయినా వెంటనే కర్నూలు తీసుకుపోవాలి" అన్నాడు.

కబురందుకుని ఐదున్నరకు కిష్టమ్మ వచ్చింది. మగ్గం మీద నుంచి లేచి వచ్చినట్టుంది, కొంగుకు జరీ పోగులు అంటుకుని ఉన్నాయి. వరండాలో అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాడినే. అది కొంగుకున్న జరీ పోగు ఒకటి పీకి పారేసింది.

"పొద్దున్నే ఎందుకు చెప్పలే అన్నా?"

"నామోషైంది."

"నీ నామోషికి నా బిడ్డను ఎండల ఉరికిస్తివా" అని లోపలికి పోయింది. అంతే. సార్ బెంచీ మీద నా పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి, తనలో తాను అనుకున్నట్టు, "రెండు నిమిషాలే గదా అనుకున్న" అన్నాడు.

పొద్దు వాలుతుంటే నర్సు పిలిచింది. గీత కళ్లు తెరిచి ఉంది. తల్లిని గుర్తుపట్టింది. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. నర్సు గ్లాసు అందిస్తే నాలుగు గుక్కలు తాగింది. గదిలో అందరం ఆ గొంతునే చూస్తూ నిలబడ్డాం. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. నీళ్లు కడుపులో నిలిచాయి. ఇంకా కావాలని గ్లాసు చాపింది.

అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు సార్‌కు చెప్పింది ఇన్న మామా. కాంటా సంగతి."

నేను గ్లాసు అందుకుని మళ్లీ నింపి ఇచ్చాను.

"ఆట మనదే ఉండె. రెండు పాయింట్లు ఎక్కువ ఉంటిమి."

"ఉంటిమి బిడ్డా."

"మల్ల ఏడాది ఆడుత. నువ్వు మూలకు రావొద్దు. సార్ తోటి ఎవలన్న వేరేటోళ్లు ఉంటరు."

"రాను."

గ్లాసు సగం ఖాళీ చేసి ఆగింది. నీళ్లు తిరగబడతాయేమోనని చూశాను. ఏమీ కాలేదు. మూతి తుడుచుకుని, తల్లి వైపు ఒత్తిగిలి పడుకుంది. డాక్టరు చెప్పిన నాలుగు గంటల్లో ఇంకా గంటంబావు మిగిలింది. నేను తలుపు దగ్గరే, ఆ పిల్ల వీపు ఊపిరికి లేవడం, దిగడం చూస్తూ నిలబడ్డాను.