రెండు గుక్కలు

ఎనిమిదో సీసా మూతికి అరటాకు చుట్ట బిగించి, పక్కకు జారిన చుక్కను వగినెమ్ చూపుడువేలితో తుడిచింది. ఆ వేలు అలవాటు కొద్దీ నోటి దాకా వెళ్లి, పెదవికి తగలబోతూ ఆగిపోయింది. వేలిని నడుముకు చుట్టుకున్న గుడ్డకు తుడిచేసి గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. పదమూడు గళ్లలో అడ్డగీతలున్నాయి. పద్నాలుగో గడి ఈ రోజుది.

ముప్పై నాలుగేళ్లుగా ఆమె పని ఇదే. చీకటితో లేచి పసుపు, అల్లం, కచ్చూరం, నానబెట్టిన బియ్యం రాతి మీద నూరడం, చింతపండు పులుసులో తాటిబెల్లం కరిగించడం, నేలవేము, తిప్పతీగ మరగబెట్టి చేదు కషాయం దించడం, ఆ సీసాలన్నీ వీపు మీది బుట్టలో పెట్టుకుని సెమరాంగ్ ఊరి మిట్ట వీధుల్లో ఇంటింటికీ పోసి రావడం. బాలింతలకు ఒకటి, ఒంటి నొప్పులకు ఒకటి, ఆకలి పుట్టనివాళ్లకు ఒకటి. ఇన్నేళ్లలో నాలుక మీద వేసి చూడకుండా ఆమె ఏ సీసాకూ మూత పెట్టలేదు. ఈ పదమూడు రోజులూ రంగు చూసి, వాసన చూసి కలుపుతోంది.

తెల్లవారుజాము నమాజుకు ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుంది. నుదురు నేలకు ఆనించాల్సిన సజ్దా రెండేళ్లుగా ఆమెకు స్టూలు మీదే. నడుము కాస్త ముందుకు వంచి, నుదురు గాలిలోనే ఆపి లేస్తుంది. కింద చాప రంగు వెలిసిపోకుండా కొత్తదానిలా ఉంది. ఎడమ మోకాలు వంచితే లోపల నానని బియ్యం నూరినట్టు చప్పుడు. దేవుడు మనసే చూస్తాడని మసీదు పెద్ద చెప్పాడు. నిజమే కావచ్చు. కానీ నేల మీద నుదురు పెట్టినప్పుడు లోపల ఏదో బరువు దిగేది. ఆ బరువు ఇప్పుడు ఎక్కడికి పోతోంది? ఒక్కసారి, మళ్లీ ఒక్కసారి నుదురు నేలకు తగిలితే చాలు. అందుకే ఆ మందు పరీక్షకు పేరిచ్చింది.

ఆరోగ్య కేంద్రం గోడ మీద కాగితం అంటించి ఉంటే, గుమాస్తా చదివి వినిపించాడు. మోకాళ్లు అరిగిన నలభై అయిదు నుంచి డెబ్బై ఏళ్లవాళ్లు కావాలి, కొత్త సూది మందు, అంతా ఉచితం. ఏభై తొమ్మిదేళ్ల వగినెమ్ రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి వెళ్లింది. ఎక్స్‌రే తీశారు. నర్సు యూనితా అన్నీ విడమరిచి చెప్పింది.

"సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్లు. ఎవరికి ఏది ఎక్కించామో మాకూ తెలీదు."

"డాక్టరుగారికి?"

"ఆయనకీ తెలీదమ్మా."

వగినెమ్ తల ఊపింది. "పోన్లెండి. తెలిసినవాడు పైన ఒకడున్నాడు కదా."

షరతు ఒక్కటే. సూదికి ముందు పద్నాలుగు రోజులు నొప్పి మాత్ర, తైలం, మూలిక, కషాయం ఏదీ ఒంట్లోకి పోకూడదు. రోజూ నొప్పి ఎంతో సున్నా నుంచి పదిలోపు అంకె వేయాలి. వగినెమ్ మొదటి మూడు రోజులూ మూడు వేసింది. నొప్పి గురించి పైకి చెప్పుకోవడం ఆమె ఇంటా వంటా లేదు. నర్సు ఫోన్ చేసి కోప్పడింది. "నాలుగు కంటే తక్కువైతే తీసుకోరమ్మా! మరీ ఇంత మర్యాదస్తులైతే ఎలా?" అప్పటి నుంచి అయిదు వేస్తోంది. ఎవరినో మోసం చేస్తున్నట్టే అనిపిస్తోంది.

బుట్ట ఎత్తుకోవడానికి ఇదివరకు మోకాళ్ల మీద కూర్చునేది. ఇప్పుడు బుట్టను అరుగు మీద పెట్టి, వీపు ఆనించి, గుడ్డను భుజం మీదుగా రొమ్ముకు అడ్డంగా ముడేసుకుని లేస్తోంది. చేతిలో గ్లాసులు కడిగే నీళ్ల బకెట్టు. పదకొండింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి.

వీధి మొగలో మోటారు సైకిల్ మీద కిరాయికి మనుషుల్ని దింపే సుగెంగ్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"అక్కా, నిన్నటి గ్లాసులో సముద్రం పోశావేంటి? ఉప్పు మీద చెయ్యి జారుతోందంటే పెళ్లి మీద మనసైనట్టే. ఎవరు పెళ్లికొడుకు?"

"నీ ఆవిడ నిన్నొదిలేస్తే నువ్వే. తాగు ముందు."

"తాగుతాలే గానీ, మోకాళ్ల నొప్పికి కషాయం అమ్ముతూ నువ్వే కుంటుతున్నావు. చూసినోడెవడైనా కొంటాడా?"

వగినెమ్ నవ్వి గ్లాసు కడుక్కుంది. బేరం సగం పడిపోయిన మాట నిజమే. తాగకపోతే కుంటుతుంది. తాగితే సూది లేదు. సూది లేకపోతే ఈ కుంటు ఎన్నాళ్లకీ పోదు.

కొండవాలులో ఎనభై ఒక్క మెట్ల పైన కర్సో తాతది రేకుల ఇల్లు. ఒకప్పుడు ఊరందరికీ చొక్కాలు కుట్టినవాడు. పొద్దున్నే చేదు కషాయం తాగే అలవాటు. ఆ గ్లాసు ముందు ఆయన భార్య సగం తాగి మొహం చిట్లించుకుంటే, ఆయన పకపకా నవ్వి మిగతాది తాగేవాడు. ఆవిడ పోయాక ఒక్కడూ తాగలేనని గ్లాసు పక్కన పెట్టేశాడు. అప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా మొదటి సగం వగినెమ్‌ది.

పరీక్ష మొదలైన రోజు ఆమె ఆయనతో ఓ అబద్ధం ఆడింది. ఉపవాసం పట్టాను తాతా, పొద్దున నోట్లో ఏమీ వేసుకోను అంది. "అయితే నీ ఉపవాసం అయ్యాకే తాగుదాం" అన్నాడాయన. పదమూడు రోజులుగా ముట్టలేదు.

ఎనభై ఒకటో మెట్టు ఎక్కేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన కూతురు తుతిక్ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నిన్నట్నుంచి గుటక దిగట్లేదక్కా. గంజి ఉమ్మేశాడు. నీ చేత్తో ఇస్తే ఏమన్నా..."

తాత మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. అడుగుల చప్పుడుకు తల తిప్పాడు.

"నెమ్. వచ్చావా."

వగినెమ్ చేదు కషాయం సగం గ్లాసు పోసింది. తల కింద చెయ్యి పెట్టి పెదవి దగ్గరకు తెచ్చింది. ఆయన పళ్లు బిగించాడు.

"నువ్వు ముందు."

"రేపు తాగుదాం తాతా. రేపటికి నా ఉపవాసం అయిపోతుంది."

"రేపా?" అన్నాడు, ఆమె ఏదో దూరపు ఊరి పేరు చెప్పినట్టు.

కిటికీలోంచి కింద బస్సులు కనిపిస్తున్నాయి. ఆసుపత్రి బస్సు కూడా ఆ దారినే పోతుంది. వగినెమ్ గ్లాసు వైపు చూసింది, ఆయన కళ్ల వైపు చూసింది. గ్లాసు ఎత్తింది. ఒక గుక్క. రెండో గుక్క. పదమూడు రోజుల తర్వాత ఆ చేదు నాలుక వెనక్కు పాకి గొంతు పట్టుకుంది. మొహం దానంతటదే చిట్లింది.

తాత నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మిగతాది చిన్న చిన్నగా అంతా తాగాడు. ఆమె గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, ఆయన మూతి తుడిచి, ఆదరాబాదరాగా బుట్ట కట్టుకుంది.

ఆసుపత్రిలో యూనితా ఆమెకు కుర్చీ లాగి వేసింది. ఒక్కో గడికీ టిక్కు పెడుతూ అడిగింది.

"నొప్పి మాత్రలు?"

"లేదు."

"తైలాలు?"

"లేదు."

"మూలికలు, కషాయాలు ఏమీ లేవు కదా?" అంటూనే టిక్కు పెట్టబోయింది.

"ఇవాళ పొద్దున. రెండు గుక్కలు."

పెన్ను ఆగింది. నర్సు తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "రుచి చూసి ఉంటారు. మింగి ఉండరు. కదమ్మా?"

గది చల్లగా ఉంది. ఒక్క 'ఊ' అంటే సరిపోతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. పొద్దున ఆమె నుదుటికీ నేలకూ మధ్య ఉన్నంత జాగానే ఇప్పుడు ఆ మాటకూ, పెదవికీ మధ్య ఉంది.

"మింగాను సిస్టరుగారూ. తాత చూస్తున్నాడు."

యూనితా పెన్నుకు మూత పెట్టింది. మళ్లీ పద్నాలుగు రోజులు ఆగాలి, చేర్చుకోవడమేమో ఈ శుక్రవారంతో సరి. యోగ్యకర్తలో ఇంకో పరీక్ష ఉందేమో కనుక్కుని ఫోన్ చేస్తానంది. బేరం వదులుకుని వారం వారం అంత దూరం వెళ్లడం వగినెమ్ వల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

"ఇవాళ నొప్పి ఎంతమ్మా?"

"ఎనిమిది" అంది వగినెమ్. బతుకులో మొదటిసారి అంత అంకె పైకి అంది.

"ఇంక రాయక్కర్లేదులెండి" అంది నర్సు మెల్లగా.

ఇంటికొచ్చి ఖాళీ సీసాలు కడుగుతుంటే మసీదు మైకులో కర్సో తాత పేరు వినిపించింది. సాయంత్రపు అసరు నమాజు తర్వాత ఖననం. గ్లాసులు లెక్క చూస్తే అయిదింటికి నాలుగే ఉన్నాయి. వగినెమ్ చేతులు తుడుచుకుని, తెల్ల ముసుగు మడత పెట్టుకుని, మళ్లీ ఎనభై ఒక్క మెట్లూ ఎక్కింది. పోస్తున్న కషాయాలు, దేవుడి లెక్కలు, ఉప్పునీళ్ల సూదులు, ఏవీ ఆలోచించలేదు. మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, గోడ పట్టుకుని, తర్వాతి మెట్టు.

ముందుగదిలో తెల్లగుడ్డ చుట్టిన తాత. మగవాళ్ల వెనక ఆడవాళ్లు వరస కడుతున్నారు. తుతిక్ ఆమెను చూసి కుర్చీ తెచ్చింది.

"వద్దమ్మా" అంది వగినెమ్.

పోయినవాళ్ల కోసం చేసే ఆ నమాజులో వంగడం లేదు, సజ్దా లేదు. మొదటి నుంచి చివరి దాకా నిలబడడమే. నాలుగుసార్లు దేవుని పేరు పైకి అనేవరకూ ఆమె అందరితో సమానంగా నిటారుగా నిలబడింది. మోకాలు మండుతూనే ఉంది.

పాడె మెట్లు దిగింది. వెనకే ఇల్లు ఖాళీ అయింది. రేపటికి బియ్యం నానబెట్టాలని గుర్తొచ్చి వగినెమ్ కూడా గుమ్మం దాటింది. పక్క గదిలో కిటికీ గట్టు మీద ఆమె గ్లాసు పొద్దున పెట్టినచోటే ఉంది. అడుగున చేదు ఎండి ఆకుపచ్చ వలయం కట్టింది, అంచు మీద ఇటొకటి అటొకటి ఇద్దరి పెదవుల మరకలు.